రొమ్ము పునర్నిర్మాణ ఆపరేషన్ అయి ఇంటికొచ్చినవాళ్లకి తోడుండేవాళ్లు ఏమేం చూసుకోవాల?

పెన్నొడ్డు
అందరికీ నమస్తే. క్యాన్సర్‌కి రొమ్ము తీసేశాక కొత్త రొమ్ము కట్టే ఆపరేషన్ మద్రాసులోనో తిరుపతిలోనో చేయించుకోని నెల్లూరు, కావలి, ఒంగోలు చుట్టుపక్కల ఊళ్లకి వచ్చేసిన ఆడవాళ్ల ఇళ్లకి పోయి తోడు కూర్చునేవాళ్లు ఈ వేదికలో చాలామందే ఉన్నారు. నెల్లూరు నుంచి మద్రాసు 170 కిలోమీటర్ల పైమాటే. డిశ్చార్జి కాయితంలో డ్రెయిన్ (గాయం లోపలి నీరుని బయటికి లాగే గొట్టం, డబ్బా) జాగ్రత్త, చేతి వ్యాయామం అని రెండు ముక్కలుంటాయి, అంతే. పక్కన కూర్చున్న మనిషికి ఏది మామూలో, దేనికి ఫోన్ చెయ్యాలో, దేనికి అప్పటికప్పుడు బండెక్కాలో తెలిసుండాల. తెలిసినవాళ్లు విడమరిచి రాయండి. పై పై మాటలొద్దు.

స్టాఫ్‌నర్సు_కావలి
పోయిన వెంటనే అడగాల్సింది ఒకటే: కొత్త రొమ్ముని దేంతో కట్టారు? జాగ్రత్తలన్నీ దాన్నిబట్టే మారతాయి.

పొట్ట కింది భాగం నుంచి చర్మం, కొవ్వు తీసి, ఆ రక్తనాళాల్ని మైక్రోస్కోపు కింద ఛాతీలో నాళాలకి కలిపేది డీఐఈపీ ఫ్లాప్. ఫ్లాప్ అంటే ఒంట్లో వేరే చోటు నుంచి తెచ్చి రొమ్ముగా కట్టిన కండ. ఆస్పత్రిలో 'డీప్' అనే అంటారు. పొట్ట కండరం కూడా తీసుకుంటే అది ట్రామ్, దాంట్లో తర్వాత పొట్ట ఉబ్బడం, హెర్నియా భయం ఎక్కువ. వీపు కండరాన్ని ముందుకి తిప్పి తెస్తే ఎల్‌డీ ఫ్లాప్. ఇవేవీ కాకుండా సిలికాన్ ఇంప్లాంట్ పెట్టొచ్చు, లేదా ముందు ఎక్స్‌పాండర్ అనే సంచి పెట్టి కొన్ని వారాలపాటు సెలైన్‌తో నింపి, చర్మం సాగాక ఇంప్లాంట్ మారుస్తారు.

డీప్ చేయించుకున్నామెకి గాయాలు రెండు చోట్ల. ఇంట్లోవాళ్లంతా ఛాతీనే చూస్తుంటారు. మొదటి రెండు వారాలు నిజంగా ఇబ్బంది పెట్టేది పొట్ట.

పెన్నొడ్డు
డ్రెయిన్ల సంగతి మొదలుపెట్టండక్కా. ఎక్కువమంది భయపడేది దాన్ని చూసే.

స్టాఫ్‌నర్సు_కావలి
మన వైపు ఎక్కువగా కనపడేది ముడతల డబ్బా, రోమోవాక్ అంటారు. కొందరికి రబ్బరు బల్బు ఉంటుంది. పని ఒకటే, లోపల ఊరే నీరుని మెల్లగా పీల్చడం.

పొద్దున ఆరుకి, సాయంత్రం ఆరుకి, రోజూ అదే టైముకి ఖాళీ చెయ్యాల. చేతులు సబ్బుతో కడుక్కోండి. ముడతల డబ్బా అయితే ముందు గొట్టం మీది క్లాంపు మూసి, డబ్బా మూత తీసి, కొలత గ్లాసులో వంచండి. డబ్బా మీద గీతలుంటాయి కానీ అది నొక్కుకోని ఉన్నప్పుడు ఆ లెక్క సరిగ్గా రాదు, గ్లాసు లెక్కే రాయండి. తర్వాత డబ్బాని బల్ల మీద పెట్టి ముడతలన్నీ అణిగేదాకా నొక్కి, నొక్కిపట్టుకోనే మూత పెట్టి, చివర్లో క్లాంపు తియ్యండి. ఇళ్లల్లో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ చివరి మెట్టులోనే. క్లాంపు తియ్యకుండా వదిలేస్తారు. రాత్రంతా డ్రెయిన్ 'ఖాళీ'గా కనిపిస్తుంది, అబ్బ, తగ్గిపోయిందనుకుంటారు. నీరంతా లోపలే నిలబడి పొద్దుటికి వాపు వస్తుంది.

గొట్టంలో గడ్డలు అడ్డుపడితే పాలు పితికినట్టు పితకాల. చర్మం దగ్గర గొట్టాన్ని ఒక చేత్తో గట్టిగా పట్టుకోవాల, ఇది ముఖ్యం, లేదంటే కుట్టు లాగుతుంది. రెండో చేతి వేళ్లతో గొట్టాన్ని నొక్కుతా డబ్బా వైపుకి జార్చండి. వేళ్లకి కొంచెం సబ్బునీళ్లో శానిటైజరో రాసుకుంటే జారుతుంది.

రంగు మొదట ఎరుపు, తర్వాత గులాబీ, ఆ తర్వాత ఎండుగడ్డి పసుపు. ఒక్కో డ్రెయిన్‌కి 24 గంటల్లో 30 మిల్లీలీటర్ల లోపు, అదీ వరసగా రెండు రోజులు వస్తే చాలామంది సర్జన్లు తీసేస్తారు. కొందరు 20 దాకా ఆగుతారు. వీపు డ్రెయిన్ అన్నిటికంటే ఆలస్యం, రెండు మూడు వారాలు పట్టొచ్చు. కాబట్టి 'పక్కింటామెకి వారానికే తీశారంట' అనే పోలికలు పెట్టబాకండి.

సింగరాయకొండ_అక్క
డబ్బా నొక్కిపెట్టినా పది నిమిషాల్లో మళ్లీ ఉబ్బిపోతే?

స్టాఫ్‌నర్సు_కావలి
ఎక్కడో గాలి పోతోందని అర్థం. మూత సరిగ్గా పడిందా, గొట్టం జాయింటు వదులైందా చూడండి. రెండూ బాగానే ఉంటే గొట్టం చర్మంలోంచి కొంచెం బయటికి జారి, పక్క రంధ్రం బయటపడి ఉంటుంది. దాన్ని లోపలికి తొయ్యబాకండి. శుభ్రమైన గాజు గుడ్డ కప్పి, ప్లాస్టరు వేసి ఆస్పత్రికి ఫోన్ చెయ్యండి.

ఇంకో రెండు గుర్తులు. తగ్గతా వచ్చిన డ్రెయిన్ గంటలోనే తాజా ఎర్ర రక్తంతో నిండితే ఫోన్లతో టైము పోగొట్టుకోకుండా దగ్గర్లోని పెద్దాస్పత్రికి పోవాల, దార్లోంచి సర్జన్‌కి ఫోన్. నిన్న 60 వచ్చి ఇయ్యాల ఒక్కసారిగా సున్నా అయ్యి, రొమ్ముగానీ పొట్టగానీ బిగుసుకోని ఉబ్బితే గొట్టం మూసుకుపోయినట్టు, అదే రోజు చూపించాల.

పొదిలిపిల్ల
ఫ్లాప్ బాగుందో లేదో ఇంట్లో ఎట్టా తెలుసుద్దండి?

స్టాఫ్‌నర్సు_కావలి
నాళాల్లో గడ్డ కట్టే ప్రమాదం ఎక్కువగా మొదటి రెండు మూడు రోజుల్లో, అప్పుడు ఆస్పత్రిలోనే గంటగంటకీ చూస్తారు. ఇంటికొచ్చాక అరుదు, అయినా చూడటం మానబాకండి. రోజుకి రెండుసార్లు చాలు.

చేతి వెనక భాగంతో తాకితే వెచ్చగా ఉండాల. వేలితో మెల్లగా నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు మూడు సెకన్లలో రంగు తిరగాల. పాలిపోయి చల్లబడితే లోపలికి రక్తం అందట్లేదు. ఊదారంగు తిరిగి, ఉబ్బి, నొక్కితే సెకను కూడా పట్టకుండా రంగు వచ్చేస్తుంటే రక్తం బయటికి పోయే దారి మూసుకుంది. రెండిట్లో ఏదైనా గంటల మీద లెక్క. 'పొద్దున చూద్దాం' అనుకోవడానికి లేదు.

ఫోటో పంపేటప్పుడు కిటికీ పక్కన పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తియ్యండి. ట్యూబ్‌లైటు కింద మంచి ఫ్లాప్ కూడా నీలంగా పడుతుంది. ముఖం రాకుండా తీసి, ఆస్పత్రి వాళ్లిచ్చిన నంబరుకే పంపించి, ఆమె ముందే మీ ఫోన్లోంచి తుడిచెయ్యండి. కుటుంబం గ్రూపులో ఎట్టిపరిస్థితుల్లోనూ పెట్టబాకండి.

బుచ్చి_కుట్టుమిషను
బట్టల సంగతి నేను రాస్తా. తలమీదుగా తొడిగేవి ఏవీ పనికిరావు. ముందు పూర్తిగా తెరుచుకునే నైటీ, గుండీలు కాకుండా ప్రెస్ బటన్లయితే ఒంటిచేత్తో పెట్టుకోవచ్చు. నైటీ లోపలి వైపు, నడుం ఎత్తులో రెండు పక్కలా పాత నూలుబట్టతో జేబులు కుట్టండి, అరచేయి పట్టేంత వెడల్పు, జానెడు లోతు. డ్రెయిన్ డబ్బాలు వాటిల్లో కూర్చుంటాయి, గాయం కంటే కిందే ఉంటాయి. పిన్నీసుతో గుచ్చాల్సొస్తే డబ్బాకున్న లూపుకే గుచ్చండి, గొట్టానికి తగిలితే పనైపోతుంది.

డీప్ అయినవాళ్లకి అసలు చిక్కు లంగా నాడా. కుట్టు ఒక తుంటి నుంచి రెండో తుంటిదాకా పొత్తికడుపు మీదుగా పోతుంది. మనం చీర కట్టుకుంటే లంగా, కుచ్చిళ్ల బరువు సరిగ్గా దాని దగ్గరే పడతాయి. ఆరు వారాలు నైటీతో సరిపెట్టుకోవడం మేలు. తప్పక కట్టాలంటే నాడా బదులు రెండంగుళాల మెత్తటి ఎలాస్టిక్ వేసిన లంగా, కుట్టు తగలకుండా బొడ్డు పైన ఉండేట్టు. జాకెట్టు ముందు హుక్కులే, చంక దగ్గర ముప్పావు అంగుళం వదులు.

ఫిజియో_ఒంగోలు
పడక గురించి. నవారు మంచం, నులక మంచం వద్దు. మధ్యలో గుంట పడుతుంది, లేవాలంటే పొట్ట కండరం, చేయి రెండూ వాడాల్సొస్తుంది. చెక్క మంచం మీద పరుపేసి, వీపు కింద దిళ్లు పేర్చి 30 నుంచి 45 డిగ్రీల వాలు తెప్పించండి, మోకాళ్ల కింద ఇంకో దిండు. డీప్ వాళ్లు మొదటి వారం పది రోజులు కొంచెం వంగే నడవాల. నిటారుగా నిలబడమని పెద్దవాళ్లు గదమాయిస్తుంటారు, వద్దని చెప్పండి, కుట్టు బిగువెక్కుతుంది. తర్వాత రోజుకింత నిటారు అవుతారు.

లేపేటప్పుడు చేయి పట్టి లాగబాకండి. ఆపరేషన్ కాని వైపుకి ఒళ్లంతా ఒక్కసారిగా పక్కకి తిరిగి, కాళ్లు కిందికి దించి, ఆ వైపు మోచేతి మీద లేస్తారు. మీ చెయ్యి భుజం వెనక ఆనించి ఉండాల. దగ్గు, తుమ్ము వస్తే దిండు పొట్టకి అదిమిపట్టుకోమనండి. నేల మీద దొడ్డి ఉన్న ఇళ్లల్లో దాని మీద పెట్టే కమోడ్ కుర్చీ ముందే తెచ్చుకోండి, మెడికల్ షాపుల్లో అద్దెకి కూడా దొరుకుతుంది. గొంతుక్కూచోవడం ఆ గాయంతో అయ్యే పని కాదు.

చేతి వ్యాయామం. డ్రెయిన్లు ఉన్నన్నాళ్లూ మోచేయి భుజం ఎత్తు దాటకూడదు. అట్టని కదలకుండా కట్టేసుకోవడమూ తప్పే. గుప్పిట మూసి తెరవడం, మోచేయి మడవడం, భుజాలు పైకెత్తి దించడం, ఒక్కోటి పది సార్లు, రోజుకి మూడు నాలుగు విడతలు. డ్రెయిన్లు తీసి సర్జన్ సరేనన్నాక గోడ మీద వేళ్లతో పాకించడం. గోడకి ఎదురుగా నిలబడి, అందినంత ఎత్తున పెన్సిలుతో గీత పెట్టండి. రేపు ఆ గీత దాటితే సంతోషం, దాటకపోయినా పోటీ లేదు. సాగినట్టు ఉండాల, పొడిచినట్టు ఉంటే ఆపాల.

ఇది తొందరగా రావాల్సిన కారణం ఒకటుంది. రేడియేషన్ ఇవ్వాల్సొస్తే మెషిన్ మీద చేయి తలపైకి ఎత్తి కదలకుండా పడుకోవాల. భుజం బిగుసుకుపోతే ఆ వైద్యమే ఆలస్యమవుతుంది.

ఎల్‌డీ వాళ్లు నాలుగు నుంచి ఆరు వారాలు కుర్చీ చేతుల మీద బరువేసి లేవడం, బరువైన తలుపు నెట్టడం, చేతిపంపు కొట్టడం మానాల.

సింగరాయకొండ_అక్క
చంకలోంచి మోచేతిదాకా తాడులాగా బిగుస్తుంది కొందరికి. అదేంది?

ఫిజియో_ఒంగోలు
చంకలో గ్రంథులు తీసినవాళ్లకి వస్తుంటుంది. ప్రమాదం కాదు, నెమ్మదిగా సాగదీస్తే వారాల్లో పోతుంది, ఫిజియో దగ్గర నేర్చుకోని చెయ్యాల. చేయి మొత్తం బరువెక్కి, ఉంగరం గాజులు బిగువైతే అది వేరే, లింఫెడీమా (చేతిలో నీరు చేరి వాచిపోవడం) మొదలవుతోందేమో, త్వరగా చూపించండి. గ్రంథులు తీసిన వైపు బీపీ, సూది వీలైనంతవరకూ వద్దనే డాక్టర్లు చెప్తారు. ఆ చేతికి గోరింటాకు ఇబ్బంది లేదు, బిగుతు గాజులు మాత్రం వద్దు.

పొదిలిపిల్ల
పథ్యం గురించి గొడవ తేల్చండి. పప్పు, గుడ్డు, చేపలు, వంకాయ పెడితే చీము పడుతుందని ఇంట్లో పెద్దోళ్లు చారన్నమే పెడతారు.

నెల్లూరు_డైటు
చారన్నంతో గాయం మానదు. చీము క్రిములవల్ల వస్తుంది, పప్పువల్ల కాదు. ఈ సమయంలో కిలో బరువుకి సుమారు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాల. 60 కిలోల మనిషికి రోజుకి 70 నుంచి 90 గ్రాములు. గుడ్డుకి 6, పావులీటరు పాలకి 8, గుప్పెడు వేరుశెనగ పప్పులకి 7, కప్పు గట్టిపప్పుకి 8 దాకా, 100 గ్రాముల చేపకి 18 నుంచి 20. మన నెల్లూరు చేపల పులుసు రెండు ముక్కలు, పూటకో గుడ్డు, పప్పు, పెరుగు పడితే లెక్క దాదాపు సరిపోతుంది. పులుసులో కారం, నూనె తగ్గించండి చాలు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకి మాత్రం ఈ లెక్క పనికిరాదు, డాక్టర్ని అడగాల. షుగరున్నవాళ్లు రోజూ చూసుకోవాల, షుగర్ పెరిగితే కుట్లు విచ్చుకుంటాయి.

పెద్దోళ్లతో వాదన పెట్టుకోకండి. రాసిచ్చిన డైట్ కాయితం చూపించి 'డాక్టరు మందులాగా రాశాడు' అనండి, పని జరుగుద్ది.

ట్రమడాల్ లాంటి నొప్పి బిళ్లలకి మలబద్ధకం తప్పదు. ముక్కితే పొట్ట కుట్టు మీద భారం. మొదటి రోజు నుంచే రాత్రి ఇసబ్‌గోల్, దాంతో పెద్ద గ్లాసు నీళ్లు. నీళ్లు తక్కువైతే ఇసబ్‌గోలే అడ్డం పడుద్ది.

స్టాఫ్‌నర్సు_కావలి
బిళ్లల మాట వచ్చింది కాబట్టి. ట్రమడాల్ కలిసిన బిళ్లల్లో చాలావాటిల్లో పారాసిటమాల్ కూడా ఉంటుంది. దాని మీద జ్వరానికని డోలో వేస్తే రెండింతలవుతుంది. రోజు మొత్తం 4 గ్రాములు దాటకూడదు, సన్నగా ఉన్నవాళ్లకి ఇంకా తక్కువ. అట్ట వెనక పేర్లు చదివి కలపండి. టామోక్సిఫెన్ (రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చే బిళ్ల) వాడేవాళ్లకి రక్తం గడ్డకట్టే గుణం కొంచెం పెరుగుతుంది, ఆపరేషన్ ముందు ఆపించి ఉంటారు. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో క్యాన్సర్ డాక్టరే చెప్పాల.

గుడూరు_సీత
రొమ్ము పక్కన గట్టిగా గడ్డలాగా తగులుతుంటే ఉప్పు కాపడం పెట్టొచ్చా? మా వీధిలో అందరూ అదే చెప్తున్నారు.

స్టాఫ్‌నర్సు_కావలి
పెట్టబాకండి. పెద్దక్షరాల్లో రాయాల్సిన మాట ఇది. కొత్త రొమ్ము మీద, పొట్ట కుట్టు చుట్టూ నెలల తరబడి స్పర్శ ఉండదు, కొందరికి ఎప్పటికీ పూర్తిగా రాదు. కాలుతున్నట్టు ఆమెకి తెలియదు, బొబ్బలొచ్చాకే కనపడుతుంది. ఉప్పు మూట, వేడినీళ్ల సంచి, ఐస్‌గడ్డ ఏదీ వద్దు. స్నానం నీళ్లు కూడా మీ మోచేత్తో చూశాకే పొయ్యండి. పసుపు, కొబ్బరినూనె, పౌడరు పచ్చి గాయం మీద వద్దు.

గట్టి గడ్డ ఎక్కువసార్లు రక్తం అందని కొవ్వు బిగుసుకోవడం, దానివల్ల ముప్పు లేదు. కానీ క్యాన్సర్ అయిన మనిషిలో కొత్త గడ్డ ఏదైనా చేత్తో తేల్చే సంగతి కాదు, స్కానింగ్ కావాల. వీపు మీద మెత్తగా ఉబ్బి, వేలితో తడితే లోపల నీరు కదిలితే సెరోమా. ఎల్‌డీలో బాగా మామూలు. సర్జన్ సూదితో తీస్తారు, కొన్నిసార్లు రెండు మూడు విడతలు. ఊళ్లో ఆర్‌ఎంపీ చేత తీయించబాకండి, క్రిములు చేరితే నెలలు వెనక్కిపోతారు.

జ్వరం 100.4 దాటినా, ఎరుపు పాకుతున్నా, వాసనొచ్చినా ఆ రోజే ఫోన్. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసమొచ్చినా 108.

నీలిచీర
ఎక్స్‌పాండర్ వాళ్ల గురించి ఎవరూ రాయలా. గాయం మానాక, రెండు మూడు వారాలకి నింపడం మొదలవుతుంది, వారానికో రెండు వారాలకో ఒకసారి, సాధారణంగా 50 నుంచి 100 మిల్లీలీటర్లు. ఆ రోజు, మర్నాడు ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది, పారాసిటమాల్‌తో తగ్గుతుంది. నింపిన రోజు బంధువుల్ని రానివ్వకుండా చూసుకోండి. చాలా ఎక్స్‌పాండర్లలో అయస్కాంతం ఉంటుంది, ఎంఆర్‌ఐ తియ్యకూడదు. వేరే జబ్బుకి పోయినా ఆ సంగతి ముందే చెప్పాల. ఇంప్లాంట్ పెట్టాక ఇచ్చే కార్డు ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో దాచండి. 2019లో అలర్గాన్ కంపెనీ బయోసెల్ రకం గరుకు ఇంప్లాంట్లని ప్రపంచమంతా వెనక్కి తీసుకున్నప్పుడు, తమ ఒంట్లో ఏది ఉందో తేల్చింది ఆ కార్డే.

ఇంకోటి, మనసు గురించి. కట్టు తీసినాక మొదటిసారి అద్దంలో చూసుకునేటప్పుడు ఆమె ఒంటరిగా ఉండాలనుకుంటే బయట కూర్చోండి, ఉండమంటే ఉండండి. 'బాగుంది, ఏం తెలియట్లేదు' అనబాకండి. వాపుంటుంది, ఎచ్చుతగ్గులుంటాయి, చనుమొన ఉండకపోవచ్చు. ఆకారం సర్దుకోవడానికి నెలలు పడుతుందని, చనుమొన కట్టడం, టాటూ తర్వాత చేస్తారని ఉన్నదున్నట్టు చెప్పండి. చూడ్డానికొచ్చినవాళ్లు 'ఈ వయసులో ఇదెందుకు' అని అంటుంటారు. ఆమెని జవాబు చెప్పుకోనివ్వబాకండి, మాట మీరు అందుకోని మార్చండి. ఆ నిర్ణయం ఆమెది, వద్దనుకున్న వాళ్లదీ అంతే మంచి నిర్ణయం.

జనం రావడం తగ్గాక, రెండు మూడు వారాలప్పుడు, చాలామంది దిగాలు పడతారు. మీరు పోవాల్సింది అప్పుడు. నిద్ర, తిండి రెండూ పోయి వారం దాటినా, చచ్చిపోవాలనే మాట వచ్చినా మనసు బాగాలేనివాళ్లకి సర్కారు పెట్టిన ఫోన్ సాయం టెలిమానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. చావు మాట వస్తే ఆమెని ఒంటరిగా వదలబాకండి.

బుచ్చి_కుట్టుమిషను
ఎండాకాలానికి ఒక చిన్న సంగతి. రొమ్ము కింది మడతలో చెమట నిలబడి ఒరుస్తుంది, బూజు పుండు వస్తుంది. సర్జన్ చెప్పిన బ్రా రెండు జతలుండాల, రోజూ ఉతకాల. మడతలో ఉతికిన పాత పంచె గుడ్డ నాలుగు మడతలు పెట్టి, తడవగానే మార్చండి. లోపల తీగ ఉన్న బ్రాలు డాక్టరు చెప్పేదాకా వద్దు.

గుడూరు_సీత
చెకప్‌కి డ్రెయిన్లతోనే పోవాల్సొస్తే కారా, రైలా?

పెన్నొడ్డు
లేచి నడవడానికి వీలుంటుంది కాబట్టి రైలే నయమనిపిస్తుంది. పొద్దున పోయే పినాకిని ఒంగోలు, కావలి, నెల్లూరు, గూడూరుల్లో ఆగుతుంది. నడవ పక్క సీటు, ఆపరేషన్ అయిన వైపు జనం తగలకుండా చూసుకోండి. సంచి ఆమె చేతికివ్వబాకండి, ఆరు వారాలదాకా రెండు మూడు కిలోలకి మించి ఎత్తకూడదు.

ఫిజియో_ఒంగోలు
కారయితే బెల్టు మానకుండా, బెల్టుకీ ఒంటికీ మధ్య పల్చటి దిండు పెట్టండి. గంటకోసారి ఆపి ఐదు నిమిషాలు నడిపించండి, కూర్చున్నప్పుడు పాదాలు పైకీ కిందికీ ఆడించాల, పిక్కల్లో గడ్డ కట్టకుండా. టూవీలర్ వెనక కూడా ఆరు వారాలు వద్దు.

స్టాఫ్‌నర్సు_కావలి
బయల్దేరేముందు డ్రెయిన్ ఖాళీ చేసి ఎంతొచ్చిందో రాసుకోండి. కొలత గ్లాసు, గాజు గుడ్డలు, ప్లాస్టరు, శానిటైజరు ఒక కవర్లో వేసుకోండి. దార్లో గొట్టం పూర్తిగా ఊడొస్తే కంగారు పడకుండా ఆ రంధ్రం మీద గాజు గుడ్డ మడిచి అదిమిపెట్టి ప్లాస్టరు వెయ్యండి, కొంచెం నీరు కారుతుంది. ఊడిన గొట్టాన్ని పారెయ్యకుండా కవర్లో పెట్టి తీసుకుపోండి, ముక్క లోపల మిగిలిందేమో డాక్టరు చూస్తారు.